‘డెవిల్ డాగ్’ చిత్రం మమ్మల్ని ఎందుకు భయపెట్టలేకపోయింది?

ప్రశ్న — గంటస్తంభం (విజయనగరం)

అందరికీ నమస్కారం. విజయనగరంలో మేము కొందరం మిత్రులం కలిసి, ఒక ఊరకుక్క చుట్టూ అల్లుకున్న భయానక లఘుచిత్రం తీయాలని కొంతకాలంగా ఆలోచిస్తున్నాము. చేతిలో ఉన్న డబ్బు స్వల్పం కాబట్టి, ఇదే తరహా కథలను తక్కువ ఖర్చుతో తీసిన పాత చిత్రాలను ముందుగా చూసి, వాటి నుంచి నేర్చుకోవలసింది నేర్చుకుందామని నిశ్చయించుకున్నాము. అలా చూసినవాటిలో మేము ఎక్కువ ఆశ పెట్టుకున్నదీ, మమ్మల్ని ఎక్కువ నిరాశపరచినదీ ‘డెవిల్ డాగ్: ది హౌండ్ ఆఫ్ హెల్’. ఇది 1978 అక్టోబరు 31న, అంటే వారి హాలోవీన్ రాత్రి, అమెరికాలో సీబీఎస్ టెలివిజన్‌లో ప్రసారమైన చిత్రం. దర్శకుడు కర్టిస్ హారింగ్టన్. సముద్రతీరంలో జరిగే ‘నైట్ టైడ్’ అనే చిత్రంతో 1961లోనే, కొద్దిపాటి సొమ్ముతో చక్కని గుబులు పుట్టించిన దర్శకుడు కనుక, ఈ కథ ఆయన చేతిలో బాగా పండి ఉంటుందని అనుకున్నాము.

చూడనివారి కోసం కథను క్లుప్తంగా చెబుతాను. సైతానును కొలిచే ఒక ముఠా ఆడ జర్మన్ షెపర్డ్‌ను కొని తెచ్చి, క్షుద్రపూజ జరిపి, ఒక దుష్టశక్తి వల్ల దానికి పిల్లలు పుట్టేటట్లు చేస్తుంది. తమ పెంపుడు కుక్క కారు కింద పడి చనిపోయిందని దుఃఖిస్తున్న బ్యారీ కుటుంబానికి, వీధిలో కూరగాయలు అమ్ముకునే మనిషిలా వచ్చిన ఒకడు ఆ పిల్లల్లో ఒకదానిని ఇచ్చిపోతాడు. పిల్లలు దానికి లక్కీ అని పేరు పెట్టుకుంటారు. ఆ తరువాత పనిమనిషి మంటల్లో చనిపోతుంది, పొరుగింటి కుక్క చస్తుంది, భార్యా పిల్లల స్వభావం మెల్లగా చెడిపోతుంది. ఇంట్లో తండ్రి మైక్ ఒక్కడే చెక్కుచెదరకుండా మిగులుతాడు. అతడు ఈక్వడారు దాకా వెళ్లి, అక్కడి మంత్రవేత్త చేత అరచేతిలో రక్షాచిహ్నం వేయించుకుని వచ్చి, చివరకు కుక్కను ఎదుర్కొంటాడు.

కథగా చెప్పుకుంటే ఇందులో భయానికి కావలసిన సామగ్రి అంతా ఉంది. రిచర్డ్ క్రెన్నా వంటి అనుభవజ్ఞుడు తండ్రి పాత్రను నిజాయితీగా పోషించాడు కూడా. అయినప్పటికీ, తెరమీద ఉన్నంతసేపూ ఆ కుక్క మాకు శిక్షణ పొందిన, బుద్ధిగల, ఆరోగ్యంగా పెరిగిన కుక్కలాగే కనిపించింది. దాని ముఖాన్ని దగ్గరగా చూపించి సంగీతం పెంచినప్పుడల్లా, ఇక్కడ భయపడాలి కాబోలునని మాకు మేమే చెప్పుకోవలసి వచ్చింది. ఆఖరి పోరాటంలో మెడచుట్టూ పెద్ద జూలుతో, తలమీద కొమ్ములతో, వెలుగుతున్న బొమ్మలా ఆ కుక్క ప్రత్యక్షమయ్యేసరికి మిగిలిన కొంచెం భయం కూడా పోయింది. మన వీధిలో అర్ధరాత్రి ఒక కుక్క మోర ఎత్తి ఏడిస్తే కలిగే గుబులులో పదోవంతు కూడా ఆ చిత్రం మొత్తంలో కలగలేదు.

లోపం డబ్బు లేకపోవడంలో ఉందా, కథను నడిపిన తీరులో ఉందా, లేక కుక్కతో భయపెట్టడమే అసాధ్యమా? అనుభవం ఉన్న పెద్దలు వివరంగా చెబితే మా ప్రయత్నానికి మేలు చేసినవారవుతారు.

జవాబు — ఏడురోడ్ల కూడలి (శ్రీకాకుళం)

గంటస్తంభం గారూ, నేను శ్రీకాకుళంలో ఎడిటింగ్ పని చేసుకుంటాను. భయానక చిత్రాలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. మీరు చెప్పిన చిత్రాన్ని నేనూ శ్రద్ధగా చూశాను కాబట్టి, నాకు తోచిన కారణాలను కొంచెం విస్తరించి రాస్తున్నాను.

మొదటి కారణం, ఆ చిత్రం తన రహస్యాన్ని మొదటి ఘట్టంలోనే చెప్పేస్తుంది. ఉత్తర ఇంగ్లండు జానపద విశ్వాసాల్లో బార్గెస్ట్ అనే దయ్యపు కుక్క ఒకటి ఉంది. ఆ పేరునే వాడుకుని, పూజ జరిపించి, కుక్కపిల్ల పుట్టుకను వివరించి, ఆ తరువాతే మనల్ని బ్యారీ వారి ఇంట్లోకి తీసుకువెళతారు. ఇక మనం ఎదురుచూడవలసింది తండ్రికి ఈ సంగతి ఎప్పుడు తెలుస్తుందనే ఒక్క విషయం కోసమే. మనకు ముందే తెలిసిన దానిని ఒక పాత్ర తెలుసుకోవడానికి గంటకు పైగా పడితే, ఆ సమయంలో ప్రేక్షకుడికి భయం పుట్టదు, విసుగు పుడుతుంది. ఆ పూజా ఘట్టాన్ని పూర్తిగా తీసివేసి, కుటుంబం కుక్కపిల్లను తెచ్చుకునే చోట చిత్రాన్ని మొదలుపెట్టి ఉంటే ఎలా ఉండేదో ఊహించండి. పనిమనిషి మరణం ప్రమాదమా కాదా, కొడుకు బడిలో ఎన్నిక గెలవడానికి అడ్డదారి తొక్కడం వయసు తెచ్చిన మార్పా మరొకటా, ఇవన్నీ నిజమైన సందేహాలుగా నిలిచేవి. తండ్రికే మతి చలించిందేమోనన్న అనుమానం కూడా మనకు కలిగేది. భయానక కథకు అంతకంటే గొప్ప ఇంధనం ఉండదు.

రెండవది, అది పుట్టిన కాలం, పుట్టిన చోటు. 1973లో ‘ది ఎగ్జార్సిస్ట్’, 1976లో ‘ది ఓమెన్’ థియేటర్లను కుదిపేసిన తరువాత, సైతాను కథలను టెలివిజన్ సంస్థలు కూడా తమ పరిధిలో తయారుచేసుకోసాగాయి. అయితే ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే ప్రసారం కనుక నెత్తురు చూపకూడదు, హింస హద్దు దాటకూడదు. కొద్ది నిమిషాలకొకసారి ప్రకటనల విరామం వస్తుంది కాబట్టి, ప్రతి విరామానికి ముందు ఒక చిన్న కుదుపు పెట్టి తీరాలి. భయానికి కావలసినది క్రమంగా బిగిసే నిశ్శబ్దం. విరామాల మధ్య ముక్కలైన కథలో ఆ బిగువు నిలవడం కష్టం. దర్శకుణ్ణి పూర్తిగా తప్పుపట్టడానికి నా మనసు ఒప్పుకోకపోవడానికి ఇది ఒక కారణం.

ఆయన సామర్థ్యానికి సాక్ష్యం ఆ చిత్రంలోనే ఉంది. పచ్చికకోత యంత్రం ఘట్టాన్ని మీరు జాగ్రత్తగా మరొకసారి చూడవలసిందిగా కోరుతున్నాను. తండ్రి యంత్రం దగ్గర ఉంటాడు, దాని రెక్కలు తిరుగుతూ ఉంటాయి, కొంత దూరంలో కుక్క ఊరికే చూస్తూ ఉంటుంది. తన చెయ్యి తన ప్రమేయం లేకుండా ఆ రెక్కల వైపు కదలడం మొదలవుతుంది, అతడు చెమటలు కక్కుతూ దానిని వెనక్కి లాక్కోవడానికి పెనుగులాడతాడు. అక్కడ కుక్క మొరగదు, కోరలు చూపదు, దూకదు. చిత్రం మొత్తంలో నాకు ఊపిరి బిగపట్టిన చోటు అదొక్కటే.

ఎందుకంటే కుక్క ముఖానికి అర్థాన్ని ఇచ్చేది దాని ముందూ వెనుకా మనం కూర్చే దృశ్యాలే. రష్యాలో లెవ్ కులెషోవ్ ఒక నటుడి భావరహితమైన ముఖాన్నే ఒకసారి ఆహారం పక్కన, ఒకసారి శవపేటిక పక్కన చేర్చి చూపితే, ప్రేక్షకులకు ఆ ముఖంలోనే ఆకలి, దుఃఖం వేరువేరుగా కనిపించాయని మేము ఎడిటింగ్‌లో మొదటి పాఠంగా నేర్చుకుంటాము. కుక్క ఏ భావాన్నీ నటించదు కనుక, ఈ పద్ధతికి దానికంటే తగిన నటుడు దొరకడు. పచ్చికకోత యంత్రం దగ్గర హారింగ్టన్ ఈ సూత్రాన్ని నమ్మాడు. చివరి పోరాటానికి వచ్చేసరికి ఆ నమ్మకం ఎవరు వదులుకున్నారో గానీ, కొమ్ములూ జూలూ తగిలించి, ఒక దృశ్యం మీద మరొక దృశ్యాన్ని అచ్చువేసి, కుక్కను కుక్క కాకుండా చేశారు. కుక్క మాయమైన క్షణంలోనే మనం భయపడవలసిన వస్తువు కూడా మాయమైంది.

కుక్కతో భయపెట్టడం అసాధ్యమా అని అడిగారు. 1982లో జాన్ కార్పెంటర్ తీసిన ‘ది థింగ్’ మొదటి భాగాన్ని చూడండి. అంటార్కిటికా మంచులో హెలికాప్టర్ నుంచి ఒక కుక్కను తరుముతూ కాల్పులు జరుపుతుంటే, మన జాలి అంతా ఆ కుక్క మీదనే ఉంటుంది. ఆ తరువాత అదే కుక్క శిబిరంలోని ఖాళీ వసారాలో నిదానంగా నడిచి, ఒక గది గుమ్మం దగ్గర ఆగి, లోపలికి వెళుతుంది. జెడ్ అనే ఆ కుక్క అంతకుమించి చేసిందేమీ లేదు. నడక, ఆగడం, చూడడం. వీటికి మీకు ఎంత డబ్బు కావాలి?

జవాబు — వంశధార ఒడ్డు (శ్రీకాకుళం జిల్లా)

పైవారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తున్నాను. అయితే టెలివిజన్ పరిమితులను గురించి అంత సానుభూతి అవసరం లేదని నా అభిప్రాయం. 2025లో విడుదలైన ‘గుడ్ బాయ్’ అనే అమెరికన్ చిత్రాన్ని చూసినవారికి ఈ సంగతి తెలుస్తుంది. దర్శకుడు బెన్ లియోన్‌బర్గ్ తన సొంత పెంపుడు కుక్క ఇండీనే ప్రధాన పాత్రగా పెట్టుకుని, భార్యతో కలిసి దాదాపు మూడేళ్లపాటు ఓపికగా ఆ చిత్రాన్ని తీశాడు. నిడివి గంటంబావు కంటే తక్కువ. యజమాని జబ్బుమనిషి, పాడుబడిన తాతగారి ఇల్లు, ఆ ఇంట్లో ఉన్నదేదో కుక్కకు మాత్రమే కనిపిస్తుంది. కెమెరా దాదాపు ఎప్పుడూ కుక్క ఎత్తులోనే ఉంటుంది, మనుషుల ముఖాలు మనకు సరిగ్గా చూపించరు. ఆ ఎత్తు నుంచి చూస్తే మంచం కింది చీకటి, తలుపు సందు, మెట్ల మలుపు అన్నీ పెద్దవైపోతాయి.

గంటస్తంభం గారూ, డబ్బు లేని చోట కాలాన్ని ఖర్చు చేయవచ్చు. ‘డెవిల్ డాగ్’ బృందానికి ప్రసార తేదీ తరుముకొచ్చి ఉంటుంది, మీకు ఆ బాధ లేదు కదా.

జవాబు — విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు (పాలకొండ)

చర్చ చదివి సంతోషించాను. సాంకేతిక విషయాలు నాకు అంతగా తెలియవు గానీ, ఏడురోడ్ల కూడలి గారు చెప్పిన మొదటి కారణంతో నాకు చిన్న భేదాభిప్రాయం ఉంది. రహస్యాన్ని ముందే చెప్పడం వల్ల భయం పోదు. మన కథల్లో శాపం మొదటే వినిపిస్తుంది, ఫలితం ఎప్పుడో వస్తుంది, ఆ మధ్యకాలమంతా భయమే. ఆ చిత్రంలో కొరవడినది రహస్యం కాదని, కుక్కకూ ఆ కుటుంబానికీ మధ్య ఉండవలసిన లెక్క అని నాకు అనిపిస్తున్నది.

ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలో, కథ ఆరంభంలోనే నన్నయగారు చెప్పిన సరమ వృత్తాంతాన్ని గుర్తు చేసుకోండి. జనమేజయుడు సత్రయాగం చేస్తున్న చోటికి ఒక కుక్కపిల్ల వస్తుంది. అది దేవతల కుక్క (దేవశుని) అయిన సరమ కొడుకు. అది హవిస్సును ముట్టలేదు, దేనినీ పాడుచేయలేదు. అయినా రాజు తమ్ములు దానిని కొట్టి తరిమివేస్తారు. తల్లి వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని నిలదీస్తుంది. వారి దగ్గర సమాధానం లేదు. అప్పుడు ఆమె, ఇది తగును ఇది తగదని మనసులో ఆలోచించకుండా సాధువులకూ పేదలకూ కీడు చేసే దుర్వినీతులకు ‘అనిమిత్తాగమంబులయిన భయంబుల్’ కలుగుతాయని చెప్పి అదృశ్యమవుతుంది. చక్రవర్తి అంతటివాడు ఆ మాటకు కలవరపడి, శాంతి చేయించగల పురోహితుణ్ణి వెదుక్కుంటూ బయలుదేరవలసి వచ్చింది. ఏ కారణమూ కనిపించకుండా ఎప్పుడో వచ్చిపడే భయం ఉంటుందే, భయానక కథలన్నీ పుట్టించాలని తపించేది దానినే. మన సాహిత్యంలో ఆ మాటను పలికింది ఒక కుక్క తల్లి అన్న విషయం ఈ చర్చకు చాలా ముఖ్యమని నేను భావిస్తున్నాను.

ఇప్పుడు ఆ అమెరికా కుటుంబాన్ని చూడండి. వారు కుక్కకు ఏ అపకారమూ చేయలేదు, పైగా చచ్చిపోయిన కుక్క కోసం ఏడ్చిన మంచివారు. ఆ కుక్కపిల్ల కూడా ఎవరో చేసిన పూజ వల్ల అలా పుట్టింది తప్ప, దానికంటూ ఒక పగ గానీ బాధ గానీ లేదు. ఇరువైపులా చేసినదేమీ లేనప్పుడు కీడు బయటి నుంచి అతికించినట్లు ఉంటుంది. సరమ కథలో కొట్టిన చెయ్యి ఉంది, అడిగిన తల్లి ఉంది, జవాబు చెప్పలేని మనుషులు ఉన్నారు. అందుకే ఆ కుక్క కరవకపోయినా చదివినవాడి గుండె బరువెక్కుతుంది.

మన ప్రాంతపు పల్లెల్లో రాత్రి కుక్క ఏడుపు వినబడితే, పెద్దవాళ్లు “ఏటర్రా, ఆ కుక్క అలగేడుస్తంది, తోలీండి” అని కేకలు వేయడం మీరందరూ వినే ఉంటారు. ఇంట్లో ఎవరైనా జబ్బుపడి ఉంటే ఆ కేకలో భయం మరింత స్పష్టంగా వినిపిస్తుంది. యముడికి రెండు కుక్కలున్నాయని, అవి చనిపోయేవారి దారిని కాపలా కాస్తాయని ఋగ్వేదం పదవ మండలం చెబుతుంది. కాలభైరవుడి వాహనమూ కుక్కే. ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిందీ కుక్కే. మనవాళ్ల మనసులో కుక్క చావుకు దగ్గరగా మసలే ప్రాణి, అయినా అది చెడ్డది కాదు. మీరు తీయబోయే చిత్రంలో దానిని సైతాను చేతి బొమ్మగా మార్చవద్దని నా విన్నపం. మనిషికి తెలియనిది దానికి తెలుసునన్న నమ్మకం మన ప్రేక్షకుడిలో ఇప్పటికే ఉంది, దానిని కదిలిస్తే చాలును.

ప్రశ్న అడిగినవారు — గంటస్తంభం (విజయనగరం)

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మాస్టారూ, సరమ పద్యాన్ని బడిలో కంఠస్థం చేసినవాళ్లమే గానీ దానిని ఈ వైపు నుంచి ఎన్నడూ ఆలోచించలేదు. మా కథను మార్చుకోవాలని నిన్న రాత్రే నిర్ణయించుకున్నాము. రోజూ ఒక ఇంటి అరుగు దగ్గర ముద్ద తినే కుక్క ఒకరోజు నుంచి ఆ గడప దగ్గరకు రావడం మానేస్తుంది. వీధి అవతల నిలబడి ఆ ఇంటినే చూస్తూ ఉంటుంది. ఇంట్లో ఎవరు ఏమి చేశారో చివరిదాకా ఒక్కొక్క పొరగా తెలుస్తుంది. కొమ్ములు లేవు, మంత్రగాడు లేడు.

ఇక మిగిలిన సందేహం ఆచరణకు సంబంధించినది. మేము అనుకున్న కుక్క మా వీధిలోనే తిరిగేది, మాకు బాగా మాలిమి. అది కెమెరా ముందు సంతోషంగా తోక ఊపుకుంటూ మా దగ్గరకు వచ్చేస్తున్నది. దానిని కదలకుండా, గంభీరంగా చూసేటట్లు చేయడం ఎలా?

జవాబు — ఏడురోడ్ల కూడలి (శ్రీకాకుళం)

మాస్టారి మాటకు తలవంచుతున్నాను, లెక్క అన్న ఆ మాట నా వాదనకంటే లోతుగా ఉంది. గంటస్తంభం గారూ, మీ కొత్త కథ చదవగానే ఆ వీధి అవతలి చూపు నాకు కళ్లకు కట్టింది.

తోక ఊపే ఇబ్బంది మీ ఒక్కరిదే కాదు. పిచ్చికుక్క కథగా 1983లో వచ్చిన ‘కూజో’ చిత్రంలో సెయింట్ బెర్నార్డ్ కుక్కలు ఆ పనిని ఆటగా భావించి తోకలు ఊపుతూ ఉంటే, తోక కనబడకుండా కట్టవలసి వచ్చిందని అందులో నటించిన డీ వాలెస్ చెప్పారు. కొన్ని చోట్ల యంత్రపు తలను, కుక్క వేషం వేసిన మనిషిని కూడా వాడుకున్నారు. మీరు తోక కట్టే పని ఎంతమాత్రమూ చేయవద్దు. కుక్కను ఛాతీ నుంచి పైకి మాత్రమే ఫ్రేములో పెట్టుకుంటే తోక సమస్య తీరిపోతుంది.

అంతకంటే ముఖ్యమైనది నోరు. కుక్క ఒంటి వేడిని తగ్గించుకోవడానికి నోరు తెరిచి వగరుస్తుంది, ఆ ముఖం చూసేవారికి నవ్వుతున్నట్లు ఉంటుంది. ‘డెవిల్ డాగ్’లో అనేకచోట్ల బెదురు పోవడానికి ఇదే కారణమని నా నమ్మకం. అదే కుక్క నోరు మూసుకుని, చెవులు నిక్కించి, కదలకుండా చూస్తే ముఖం పూర్తిగా మారిపోతుంది. కనుక మన ఎండల్లో తీయకండి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున, అది నిద్రలేచి కొంచెం తిరిగి, ఇంకా తిండి తినకముందు తీయండి. మనకు దాదాపు 20,000 హెర్ట్జ్‌ల వరకే వినబడితే, కుక్కకు అంతకు రెట్టింపు పైబడిన శబ్దాలు కూడా వినబడతాయి. మీ బృందంలో ఒకరు ఆ ఇంటి గుమ్మం లోపల కనబడకుండా కూర్చుని, అది ఎప్పుడూ వినని సన్నని శబ్దం ఒక్కసారి మాత్రమే చేయాలి. కుక్క తల తిప్పి చూస్తుంది, కొన్ని క్షణాలు స్తంభించిపోతుంది. మీకు కావలసినది ఆ కొన్ని క్షణాలే. రెండోసారికి ఆ శబ్దం దానికి పాతబడిపోతుంది, కాబట్టి కెమెరాను ముందే సిద్ధం చేసుకోండి. టపాకాయలు, అరుపులు, బెదిరింపులు వద్దు. బెదిరిన కుక్క పారిపోతుంది లేదా కరుస్తుంది, భయపడుతున్న కుక్కను చూసి ప్రేక్షకుడు జాలిపడతాడు తప్ప భయపడడు.

ఆ కుక్కకు ముందుగా రేబిస్ టీకా వేయించండి. పొరపాటున ఎవరికైనా పన్ను గీరుకున్నా, గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బు నుంచి బతకడం దాదాపు అసాధ్యం. అలాగే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2001లో చేసిన ప్రదర్శన జంతువుల నమోదు నియమాల ప్రకారం, చిత్రీకరణలో జంతువును వాడదలచినవారు భారత జంతు సంక్షేమ మండలికి ముందుగా దరఖాస్తు చేసి అనుమతి పొందాలి. సెన్సారు పత్రం తీసుకునే ఉద్దేశం ఉంటే ఆ మండలి నిరభ్యంతర పత్రం తప్పనిసరి. ఈ పని చివరికి పెట్టుకోకుండా కథ రాసుకుంటున్నప్పుడే మొదలుపెట్టండి.

ఏడుపు శబ్దాన్ని మాత్రం ఇంటర్నెట్టు నుంచి తెచ్చి అతికించవద్దు. మన వీధుల్లోనే రాత్రి రెండు దాటాక దొరుకుతుంది, ఇళ్ల గోడలకు తగిలి తిరిగివచ్చే ఆ ప్రతిధ్వని వేరేచోట దొరకదు. నా దగ్గర మంచి మైకు, రికార్డరు ఉన్నాయి. మీరు తేదీలు ఖాయం చేసుకుని ఇక్కడ రాస్తే, వాటిని తీసుకుని నేనే విజయనగరం వస్తాను.